చివరి క్షణాల గడి

బర్నీలో జూన్ అంటే నడి చలికాలం, సాయంత్రం అయిదు కాకముందే చీకటి పడుతుంది. ఆ మంగళవారం వాన కూడా పట్టుకుంది. పెద్ద వానేం కాదు. రేకు కప్పు మీద సన్నగా, ఆగకుండా పడుతూనే ఉంది. ఇంటి ముందు హైవే మీద దుంగల లారీలు వాలులో బ్రేకులు వేస్తూ గుర్రుమంటున్నాయి. హైవే దాటితే సముద్రం.

నోలీన్ టాస్కర్ వంటింటి పక్క గదిలో బల్ల ముందు కూర్చుని ఉంది. కాళ్ల దగ్గర చిన్న హీటరు, మోచేతి పక్కన చల్లారిపోయిన టీ. ఆమెకు యాభై తొమ్మిదేళ్లు. ఇరవై ఆరేళ్లు ఊళ్లోని పత్రికలో సబ్ ఎడిటర్‌గా పనిచేసింది. అందులో చివరి పన్నెండేళ్లు మరణవార్తల పేజీ ఆమెదే. పేజీ తీసేశారు, తర్వాత ఆమెనూ తీసేశారు. నాలుగేళ్లుగా ఇంట్లో కూర్చుని ఒక సైటుకు నివాళులు రాస్తోంది. ఊరూ పేరూ తెలియని వాళ్ల కోసం, తను ఎన్నడూ చూడని మనుషుల గురించి.

పని పద్ధతి తేలికే. చనిపోయినవాళ్ల తాలూకు ఎవరో సైటులో ఒక ఫారం నింపుతారు. అది అందరు రచయితలకూ ఒకేసారి కనిపిస్తుంది. ఎవరు ముందు నొక్కితే పని వాళ్లది. ఫారం మొత్తం చదివి నిర్ణయించుకుందామనుకుంటే ఆలోపు అది ఇంకొకరి పాలవుతుంది. అందుకే అందరూ పేరూ వయసూ మాత్రం చూసి ముందు నొక్కుతారు, తర్వాత చదువుతారు. నొక్కాక ఆరు గంటలు గడువు. క్లయింటు పేరు రచయితకు తెలియదు, రచయిత పేరు క్లయింటుకు తెలియదు. మధ్యలో నంబరు మాత్రమే ఉన్న ఎడిటరు ఒకడుంటాడు. రాసింది మూడుసార్ల దాకా వెనక్కి రావచ్చు. నాలుగోసారి వస్తే ఖాతా మూసేస్తారు. ఎందుకు మూశారని అడగడానికి అక్కడ ఎవరూ ఉండరు.

ఖాతా మూస్తే నోలీన్‌కు బర్నీలో ఇంకో పని లేదు. ఇల్లు ఖాళీ చేసి పెర్త్‌లో చెల్లెలి గరాజ్‌కు మారాలి. చెల్లెలు అందులోకి మంచం ఎప్పుడో కొనేసింది. ఫొటో కూడా పంపింది.

ఆ రోజు రెండింటికి నొక్కిన పని పేరు ఎల్వా హింగ్‌స్టన్. వయసు డెబ్బై తొమ్మిది, ఊరు వరాటా. ఇరవై రెండేళ్లు ఆ కొండదారిలో స్కూలు బస్సు నడిపారు. వెనక సీట్లో అల్లరి చేసేవాళ్లను అద్దంలో చూసి పేరుపెట్టి పిలిచేవారు. ఆరు చిలకలను పెంచారు. పెళ్లి చేసుకోలేదు. ఫారంలో వివరాలు పుష్కలంగా ఉన్నాయి. మంచి పని దొరికిందనుకుంది నోలీన్. ఒక్క గడి మాత్రం ఖాళీగా ఉంది. ‘చివరి క్షణాలు.’

ఆ గడిని క్లయింట్లు దాదాపు అందరూ ఖాళీగానే వదులుతారు. సైటు మాత్రం నివాళిలో దాన్ని ఖాళీగా ఉండనివ్వదు. కనీసం రెండు వాక్యాలుంటేనే పంపనిస్తుంది. అందుకని ప్రతి రచయిత దగ్గరా ఒక సిద్ధమైన మాట ఉంటుంది. నోలీన్ తన మాటను కీబోర్డులో ఒక మీటకు కట్టి పెట్టుకుంది. నొక్కగానే వచ్చి పడుతుంది: “ఆఖరి క్షణాల్లో ఆత్మీయులు చేయి పట్టుకుని పక్కనే ఉన్నారు. ఆమె ప్రశాంతంగా కన్నుమూశారు.” నాలుగేళ్లలో ఎవరూ కాదనలేదు. దుఃఖంలో ఉన్నవాళ్లకు అది అబద్ధంలా కనిపించదు.

నాలుగూ ఇరవైకి పంపింది. నాలుగూ యాభైకి వెనక్కి వచ్చింది.

క్లయింటు వ్యాఖ్య ఒక్క లైను. “ఎవరూ చేయి పట్టుకోలేదు.”

నోలీన్ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివింది. సిగ్గుపడింది కూడా. పత్రికలో ఉండగా ఇలాంటి తప్పు దొర్లితే మర్నాడు సవరణ వేసేవాళ్లు. మంచిదే, నిజం చెప్పారు అనుకుని ఆ రెండు వాక్యాలూ కొట్టేసింది. “ఆమె తన ఇంట్లో, ఒంటరిగా కన్నుమూశారు. ఆ సమయంలో పక్కన ఎవరూ లేరు” అని రాసి పంపింది.

రెండు నిమిషాల్లో ఎడిటర్ 31 తిప్పికొట్టాడు. “నియమం తొమ్మిది. నివాళి ఊరటనివ్వాలి. ‘ఒంటరిగా’, ‘ఎవరూ లేరు’ వంటి మాటలు అనుమతించబడవు.”

రెండుసార్లు అయిపోయింది.

సహాయం అన్న చోట నొక్కింది. ఒక నవ్వుముఖం బొమ్మ వచ్చింది. “హలో! నా పేరు సన్నీ. మీ సమస్య మాకు ముఖ్యం.” సమస్య అంతా రాసింది. “మీ అభిప్రాయానికి ధన్యవాదాలు! ఈ సంభాషణకు ఎన్ని స్టార్లు ఇస్తారు?” అంది సన్నీ.

నోలీన్ ఫోను తీసి రేవిన్‌కు చేసింది. రేవిన్‌ది న్యూజిలాండ్‌లో ఇన్వర్‌కార్గిల్. ఇద్దరూ ఎన్నడూ కలుసుకోలేదు. అదే సైటుకు రాస్తూ, అదే సైటును తిట్టుకుంటూ స్నేహితులయ్యారు.

“ముప్పయ్యొకటో నంబరా?” అంది రేవిన్. “వాడు మనిషి కాదే తల్లీ, టోస్టరు. పోయిన నెల నాకేం రాశాడో తెలుసా? ‘కన్నీళ్లు తెప్పించండి, విచారం వద్దు’ అని. వాడికి స్నానం కావాలి, తడి మాత్రం తగలకూడదు.”

“నవ్వకే. రెండుసార్లు తిప్పారు. ఇంకొక్కటే ఉంది.”

“క్లయింటు ఎవరు? కొడుకా, కోడలా? కోడలైతే నిజాలే రాయమంటుంది.”

“పెళ్లే చేసుకోలేదావిడ.”

“ఫారం కింద ఉంటుందిగా, మృతులతో సంబంధం అని. అది చూశావా?”

చూడలేదు. ఫారం అడుగుదాకా ఎవరు చూస్తారు గనక? నోలీన్ కిందికి జరిపింది. పేరు, పుట్టిన తేదీ, చిలకల పేర్లు... అన్నిటికీ అడుగున ఉంది ఆ లైను.

మృతులతో మీ సంబంధం: స్వయంగా.

“ఏముంది?” అంది రేవిన్.

“స్వయంగా అని ఉంది.”

రేవిన్ పగలబడి నవ్వింది. “సరిపోయింది! మొన్న ఒకడు మృతుల పేరు దగ్గర తన పేరు రాసి, తన పేరు దగ్గర కుక్క పేరు రాశాడు. ఏడుస్తూ నింపుతారే ఫారాలు. పట్టించుకోకు. అటూ ఇటూ కాకుండా చప్పగా రాసి పడేయ్. ఆదివారం పోయింది, చక్కటి సాయంత్రం, అంతే. టోస్టరు మింగేస్తాడు.”

“క్లయింటు?”

“వాళ్లకూ విసుగొస్తుంది. ఏడింటికల్లా నువ్వు భోంచేస్తూ ఉంటావు చూడు.”

నోలీన్ చప్పగా రాసింది. “ఆదివారం సాయంత్రం ఆమె కన్నుమూశారు. అదొక ప్రశాంతమైన సాయంత్రం.” ఆరూ ఇరవైకి పంపింది. ఎడిటర్ 31 వెంటనే పచ్చ గుర్తు పెట్టాడు. ఇక క్లయింటే మిగిలారు. లేచి వంటింట్లోకి వెళ్లి సూపు వేడి చేసుకుని, నిలబడే తాగింది. వాన ఆగింది. లారీలు కూడా తగ్గాయి. అప్పుడు తెలిసింది, ఇల్లంతా ఏదో వాసన వస్తోందని. బట్టల సబ్బు పొడి వాసన. దాని కింద ఇంకొకటి... చల్లటి, తడిసిన నేల వాసన.

ఆ రోజు ఆమె బట్టలు ఉతకలేదు.

ఆరూ యాభైకి కంప్యూటరు టిక్‌మంది.

“ప్రశాంతం అని రాశారు. బట్టలుతికే లాండ్రీ గదిలో పడ్డాను. లేవలేకపోయాను. నేల చల్లగా ఉంది. పిలిచాను. ఎన్నిసార్లు పిలిచానో నాకు గుర్తు లేదు. మీరు లెక్కపెట్టండి.”

మూడోసారి.

నోలీన్ తెరవంక చూస్తూ ఉండిపోయింది. ఎవరో ఆటపట్టిస్తున్నారు. అంతే. ఇలాంటి మనుషులుంటారు. పత్రికలో ఉండగా బతికున్నవాళ్ల మరణవార్తలు ఫోన్లో చెప్పి నవ్వుకునేవాళ్లు. ప్రతిదానికీ రెండుసార్లు తిరిగి ఫోన్ చేసి నిర్ధారించుకునేది ఆమె. ఇక్కడ తిరిగి చేయడానికి నంబరు లేదు...

“హలో?”

ఇంటి వెనక నుంచి వచ్చింది. ఆడమనిషి గొంతు, ముసలిది. కేక కాదు. బస్సు వెనక సీటుదాకా వినిపించడం అలవాటైన గొంతు.

“హలో? ఎవరైనా ఉన్నారా?”

హీటరు చిటపటమంది. నడవా చివర లాండ్రీ గది. దాని తలుపు ఆమే మూసింది, మధ్యాహ్నం, చలిగాలి రాకుండా.

“ఎవరైనా ఉన్నారా అమ్మా?”

ఆ గొంతులో కోపం లేదు. బతిమాలడం కూడా లేదు. ఎవరో వస్తారని నమ్మే మనిషి గొంతు. కాసేపు ఆగడం. మళ్లీ పిలుపు. ఈసారి కాస్త నీరసంగా. నాలుగు... అయిదు... తను లెక్కపెడుతున్నానన్న సంగతి ఏడో పిలుపు దగ్గర గాని నోలీన్‌కు తెలియలేదు. ఎనిమిదో పిలుపులో మాట లేదు, ఊపిరే. పదకొండోది గోటితో నేల గీరిన చప్పుడు.

తర్వాత ఏమీ లేదు.

ఆమె ఫోను లైటు వేసి నడవాలోకి నడిచింది. ఎందుకు నడిచిందో తర్వాత ఎంత ఆలోచించినా తట్టలేదు. పన్నెండేళ్లు ప్రతి మరణాన్నీ సరిచూసుకున్న అలవాటు కావచ్చు. కాలి కింద తివాచీ అయిపోయి చలి మొదలైంది. తలుపు పిడి మంచులా ఉంది. తిప్పింది.

ఎవరూ లేరు. బట్టలుతికే మిషను, సిమెంటు తొట్టి, గోడకు ఆనించిన తుడుపుకర్ర. కుళాయిలు కట్టే ఉన్నాయి. నేలంతా సన్నటి తేమ పట్టి, లైటు వెలుగులో మెరుస్తోంది. ఒక్కచోట మాత్రం పొడిగా ఉంది. పొడవుగా, పక్కకు ముడుచుకుని... భుజం, నడుము, మోకాళ్లు. ఒక చేయి మాత్రం చాపి ఉంది, తలుపు వైపు. వేళ్లున్న చోటు నోలీన్ చెప్పులకు జానెడు దూరంలో ఉంది.

ఆమె చూస్తుండగానే ఆ వేళ్లు పొడుగయ్యాయి.

తలుపు లాగి, గడియ పెట్టి, పరుగున వెనక్కి వచ్చింది. కారు తాళాలు గోడకు వేలాడుతున్నాయి. చేతిలోకి తీసుకుంది. ఫోన్లో రేవిన్ నంబరు నొక్కింది.

“ఏమే, భోంచేశావా?” అంది రేవిన్.

“రేవిన్... ఇంట్లో ఎవరో ఉన్నారు.”

“దొంగా? పోలీసులకు చెయ్! నాకు చేస్తావేంటే పిచ్చిదానా?”

“దొంగ కాదు. ఆవిడ.”

రేవిన్ గొంతు తగ్గించి అంది. “నోలీన్, విను. కంప్యూటరు కట్టెయ్. బయటికి పో. ఖాతా పోతే పోనీ.”

“పోతే గరాజే.”

“గరాజే కానీ. కిటికీ ఉందన్నావుగా దానికి.”

“లేదే. నీకు ఊరికే అలా చెప్పాను.”

ఫోను పెట్టేసింది. గడియారం ఏడూ ముప్పై ఒకటి. ఎనిమిదికి గడువు. పదకొండుసార్లు పిలిచారని రాస్తే టోస్టరు తిప్పికొడతాడు. రాయకపోతే ఆవిడ తిప్పికొడుతుంది. ఎటు చూసినా నాలుగోసారే. ఇరవై ఆరేళ్లలో ఏ వార్తనూ ఇలా వదిలేసి లేవలేదు. నోలీన్ తాళాలు పట్టుకునే కుర్చీలో కూర్చుంది.

తెర మీద కొత్త మాటలు వచ్చాయి. సవరణ గడిలో కాదు. ఆమె రాసే గడిలోనే, ఆమె మీటలు ముట్టకుండానే, ఒక్కో అక్షరం...

“మొదట రాసిందే ఉంచండి. నాకు అది నచ్చింది.”

కాసేపు ఆగింది. మళ్లీ కదిలింది.

“నిజం చేయండి.”

హీటరు ఆరిపోయింది. బల్ల కింద చీకటి. సబ్బు పొడి వాసన ఇప్పుడు దగ్గరగా, మోకాళ్ల దగ్గర ఉంది. నడవాలో గడియ తీసిన చప్పుడు రాలేదు. తలుపు తెరుచుకోలేదు. అయినా బల్ల కింద ఊపిరి వినిపిస్తోంది. లోపలికి... బయటికి... మధ్యలో చాలాసేపు ఏమీ లేకుండా.

నోలీన్ తాళాలు బల్ల మీద పెట్టింది. ఎడమ చేయి కుర్చీ పక్కగా కిందికి వేలాడేసింది. కళ్లు తెర మీదే ఉంచింది.

“ఉన్నాను” అంది మెల్లగా.

చేతిలో చేయి పడింది.

చల్లగా ఉంది. ఎముకలే తగులుతున్నాయి. అరచేతిలో, వేళ్ల మొదట్లో, గట్టిపడ్డ చర్మం. ఏళ్ల తరబడి స్టీరింగు పట్టిన చేయి. అది మొదట వదులుగా పడి ఉంది, నమ్మకం లేనట్టు. తర్వాత బిగిసింది. నోలీన్ వేళ్లు నొప్పెట్టేంత. ఆమె వదిలించుకోలేదు. కుడి చేత్తో ఒక మీట నొక్కింది. రెండు వాక్యాలు వచ్చి పడ్డాయి. పంపలేదు ఇంకా. ఇంకా నిజం కాలేదని ఆమెకు తెలుసు.

ఏడూ నలభై. నలభై అయిదు. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరుగుతోంది. నోలీన్‌కు ఏదో ఒకటి మాట్లాడాలనిపించింది. “చిలకలకు గింజలు వేశారట ఎవరో” అంది. అబద్ధమే. మళ్లీ అబద్ధమే. చేయి ఒక్కసారి నొక్కింది. తెలుసులే అన్నట్టు.

ఏడూ యాభై రెండుకు ఆ పట్టు సడలింది. మెల్లగా, ఒక్కో వేలూ. బల్ల కింద ఊపిరి బయటికి వెళ్లింది. లోపలికి రాలేదు.

నోలీన్ పంపు అన్న చోట నొక్కింది.

ఎడిటర్ 31: ఆమోదం. క్లయింటు: ఆమోదం. అయిదు స్టార్లు. కింద చిన్న వ్యాఖ్య. “చాలా థాంక్స్ అమ్మా.”

చేతిలో ఏమీ లేదు. హీటరు మళ్లీ వెలిగింది. హైవే మీద లారీ ఒకటి గుర్రుమంటూ దిగింది. నోలీన్ బల్ల మీద తల ఆనించి చాలాసేపు ఏడ్చింది. భయంతోనో, ఇల్లు నిలబడినందుకో, ఆమెకే తెలియదు. ఫోన్లో రేవిన్ సందేశాలు తొమ్మిది ఉన్నాయి. ‘ఉన్నావా?’ ‘ఉన్నావా లేదా చెప్పవే!’ ‘ఉన్నాను. అయిదు స్టార్లు’ అని నోలీన్ జవాబు కొట్టబోయింది.

కంప్యూటరు టిక్‌మంది.

తల ఎత్తి చూసింది. ‘సవరణ కోరారు.’ హెరాల్డ్ పమ్‌ఫ్రీ, డెవన్‌పోర్ట్. నాలుగేళ్ల కిందటి పని. ఎప్పుడో ఆమోదం పొంది, మూసేసిన పని. టిక్. మేవిస్ ట్రెగెన్నా, స్ట్రాన్. టిక్. టిక్. మూసిన పనుల జాబితా కింది నుంచి పైకి తెరుచుకుంటోంది. ఒక్కో పేరు పక్కనా ఎర్ర గుర్తు. నలభై. తొంభై. నూట డెబ్బై... ఆ మీట ఎన్నిసార్లు నొక్కిందో ఆమె ఎప్పుడూ లెక్కపెట్టలేదు. సైటు లెక్కపెట్టింది. ప్రతి పనికీ గడువు ఆరు గంటలు.

అన్నిటి కిందా ఒకే వ్యాఖ్య. “నాకు కూడా.”

బయట, ఇంటి ముందు కంకర మీద, అడుగుల చప్పుడు మొదలైంది. తోపులాట లేదు. ఒకరి వెనక ఒకరు వచ్చి నిలబడుతున్నట్టుంది. ఎవరో మర్యాదగా దగ్గారు.

నోలీన్ ఫోను బోర్లించింది. కళ్లజోడు తుడుచుకుని పెట్టుకుంది. అన్నిటికంటే ముందు వచ్చిన పేరు తెరిచింది. హెరాల్డ్ పమ్‌ఫ్రీ, ఎనభై నాలుగేళ్లు, పడవల వడ్రంగి. ఎడమ చేయి మళ్లీ కిందికి దించి, చీకట్లో అరచేయి తెరిచి పట్టుకుంది.

“రండి” అంది.

చేతిలో చేయి పడింది.

అది చాలా చిన్నది. ఆమె అరచేతిలో సగం కూడా లేదు. వేళ్ల మధ్య తడి ఇసుక తగిలింది.

పిల్లల నివాళులు నోలీన్ ఎన్నడూ రాయలేదు. నాలుగేళ్లలో ఒక్కటి కూడా తీసుకోలేదు.